ట్రిగ్గర్ బరువా, వేలి తొందరా?

ప్రశ్న: లైసెన్స్ మీద .32 చిన్న పిస్టల్ కొన్నాను. ట్రిగ్గర్ మరీ గట్టిగా ఉంది, రేంజ్‌లో తూటా ఎప్పుడూ కిందకి, ఎడమకి పోతోంది. స్ప్రింగు కాస్త కత్తిరించమంటారా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఆ స్ప్రింగు జోలికి వెళ్లకండి బాబూ, తూటా వెనక కొట్టే పిన్ను దెబ్బ చాలక అది పేలకపోవచ్చు, లేదంటే మీరు నొక్కకుండానే పేలొచ్చు. కుడిచేతి వాటం వాళ్లకి కింద-ఎడమ అంటే చాలాసార్లు తప్పు వేలిదే, చివర్లో ఒక్కసారి గుంజేస్తారు. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, ఛాంబర్ (తూటా పేలే గది) ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, అసలు తూటాలు వేరే గదిలో పెట్టి, డమ్మీ తూటాతో ఇటుక గోడవైపు రోజూ పది నిమిషాలు నొక్కండి; స్లైడు (పిస్టల్ పైన జరిగే భాగం) మీద పెట్టిన రూపాయి బిళ్ల పడిపోకుండా నొక్కగలిగితే దారిలో పడ్డట్టే. ట్రిగ్గర్ గరగరలాడుతోందా? మన సముద్రపు గాలికి తుప్పేమో, తుడిచి పల్చగా నూనె రాయండి. పోటీల ఎయిర్ పిస్టల్‌కి ట్రిగ్గర్ బరువు, అంటే నొక్కడానికి కావాల్సిన బలం, కనీసం 500 గ్రాములుంటే చాలు, దాంతో పోల్చుకుని మాత్రం టెన్షన్ పడకండి.