లెక్క ఎక్కడ మొదలవ్వాలి?

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవికి ఆశీస్సులు.

ఆరోగ్య పరిశోధనకు నిధులిస్తే రాష్ట్రానికి కలిగే ఆర్థిక ప్రయోజనాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. చాలా శ్రద్ధగా రాశావు. అయితే పరిశోధనా సంస్థ వస్తే ఎన్ని ఉద్యోగాలు వస్తాయో, చుట్టూ ఎన్ని మెస్సులు, ఎన్ని అద్దె ఇళ్ళు లేస్తాయో చెప్పి అక్కడే ఆగిపోయావు. అంతే సొమ్ము బైపాస్ రోడ్డు మీద పెట్టినా జీతాలు వస్తాయి, మెస్సులు నడుస్తాయి. పైగా ల్యాబుల్లో వాడే యంత్రాలు, రసాయనాలు చాలావరకు బయట కొనేవే గనుక ఆ మేరకు డబ్బు రాష్ట్రం దాటిపోతుంది. పరిశోధన మాత్రమే ఇవ్వగలిగిన లాభం ఏమిటన్నది నీ వ్యాసంలో లేదు.

దాని కోసం ఒక ఉదయం పెద్దాసుపత్రికి వెళ్ళు. మొన్న నేను వెళ్ళినప్పుడు మిర్చి యార్డులో ముఠా పని చేసే ఒకాయన డయాలసిస్ కోసం వేచి ఉన్నాడు. పక్కన భార్య, ఒళ్ళో స్టీలు క్యారేజీ, ప్లాస్టిక్ సంచిలో రిపోర్టులు. ఒక్కోసారికి నాలుగు గంటలు, అది కూడా వారానికి రెండు మూడుసార్లు. వైద్యం ఖర్చు ప్రభుత్వం పెట్టుకున్నా, ఆ పూట ఆ ఇంట్లో పోయిన ఇద్దరి కూలి డబ్బులు ఏ బడ్జెట్ పద్దులోనూ కనపడవు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుకు కారణం ఇదీ అని దశాబ్దాలుగా తేలలేదు. తేలనంతకాలం రాష్ట్రం ఆసుపత్రి కడుతూ, పింఛన్లు ఇస్తూ, దూరం నుంచి మంచినీళ్ళు తెస్తూనే ఉండాలి. కారణం వెతికే ఖర్చును ఈ ఏటేటి ఖర్చు పక్కన పెట్టి చూపించు; నీ వ్యాసానికి ప్రాణం అక్కడ ఉంది.

ఓపిక గురించి కూడా రాయాలి. పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు వేసే టీకాకు మూలమైన 116ఇ అనే వైరస్ రకాన్ని 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసికందుల్లో గుర్తించారు. కేంద్ర ప్రభుత్వం, విదేశీ సంస్థలు ఏళ్ళ తరబడి చేయూతనిస్తే 2015లో ఆ టీకా రోటావాక్ పేరుతో విడుదలైంది. 2016లో సార్వత్రిక టీకాల కార్యక్రమంలో దాన్ని మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. వైరస్ దొరికింది ఢిల్లీలో, టీకా తయారైంది హైదరాబాదులో. అక్కడ అప్పటికే చేయి తిరిగిన మనుషులు, ల్యాబులు, బయోటెక్ కంపెనీలు గుమిగూడిన జీనోమ్ వ్యాలీ ఉన్నాయి కాబట్టి. మన పిల్లలు బయోటెక్నాలజీ చదివి రైలెక్కుతున్నది అందుకే, ఇది నాకు నిజంగా బాధ.

ఒక రాష్ట్రమే పరిశోధనకు డబ్బు పెట్టడానికి ఉదాహరణగా, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్ర ఓటర్లు క్యాన్సర్ పరిశోధన కోసం 2007లో 300 కోట్ల డాలర్ల బాండ్లకు, 2019లో మరో 300 కోట్లకు ఒప్పుకున్న సంగతి ఒక్క వాక్యంలో చెబితే చాలు.

1946 నుంచి ఉన్న గుంటూరు మెడికల్ కాలేజీకి, మంగళగిరి ఎయిమ్స్‌కు వెళ్ళి పీజీ విద్యార్థులను కలువు. థీసిస్ కోసం చేసిన పరీక్షలకు డబ్బు ఎవరిచ్చారు, కాలేజీయా, వాళ్ళ జేబా? ఆ థీసిస్ తర్వాత ఎవరైనా తెరిచి చూశారా? ఇవి అడిగి, వాళ్ళ జవాబులు వ్యాసంలో చేర్చి పంపు. మిగతా దిద్దుబాట్లు అప్పుడు చేస్తాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు