సమాధానం: సండే స్కూల్ పిల్లలకి రోజువారీ బతుకులోంచి పాఠం ఎలా చెప్పాలి?

అక్కా, చిత్తూరు పక్కన మీ ఊళ్లో పిల్లలు వాక్యం వింటూ తలూపుతున్నారు గానీ మనసుకి పట్టడం లేదని, శనివారం వస్తే కథ కోసం టెన్షన్ అని రాశారు. ఫోన్లో వెతకడం మానేయండి. మీ చుట్టూ మామిడి తోటలే కదా!

తోతాపురి కోతలు అయ్యాక కొమ్మలు కత్తిరిస్తారు. అలాంటి కొమ్మ ఒకటి క్లాసుకి తెప్పించండి. ముందే బైబిల్ తీయొద్దు. "ఎండుకొమ్మ కొట్టేశారు సరే, ఈ పచ్చిది ఎందుకు కొట్టారు?" అని అడగండి. చెట్టు లోపలికి ఎండ, గాలి తగలాలని రైతుల పిల్లలే చెప్తారు. అప్పుడు యోహాను 15:2 చదివించండి. అక్కడున్నది ద్రాక్షతీగ, ఆ మాట కూడా చెప్పండి. ఫలించేదాన్నే ఇంకా ఫలించాలని దేవుడు సరిచేస్తాడన్నది వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. యేసు ప్రభువు కూడా పులిసిన పిండి, పోయిన నాణెం లాంటి ఇంట్లో విషయాలతోనే చెప్పారు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. ఎవరింట్లోనైనా జబ్బో చావో వస్తే దాన్ని పాఠం చేయకండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, అతనిదీ కాదు, కన్నవాళ్లదీ కాదన్నారు ప్రభువు (యోహాను 9:3). ఆ వారం ఆ పిల్లల పక్కన కూర్చుని ప్రార్థన చేయండి.