నోటిఫికేషన్ వస్తే పక్షి బదులు తెల్ల డబ్బా!

ప్రశ్న: మా యాప్ లోగో నీలం డబ్బాలో తెల్ల పక్షి. ఆండ్రాయిడ్ ఫోన్లో నోటిఫికేషన్ వచ్చినప్పుడు పైన స్టేటస్ బార్‌లో పక్షి కనిపించడం లేదు, ఒట్టి తెల్ల డబ్బా వస్తోంది. రంగులు ముదురు చేశాను, సైజు పెంచాను, మళ్ళీ అదే డబ్బా. తప్పు ఫోన్లో ఉందా, నా ఫైల్లో ఉందా?

జవాబు: ఫైల్లోనే ఉంది, ఫోన్‌ని ఏమీ అనకండి. 2014లో ఆండ్రాయిడ్ 5.0 వచ్చినప్పటి నుంచి ఈ చిన్న ఐకాన్‌లో మీరు వేసిన రంగుల్ని సిస్టమ్ పట్టించుకోవడం మానేసింది. అది చూసేది ఆల్ఫా ఒక్కటే, అంటే ఏ పిక్సెల్ దగ్గర బొమ్మ ఉంది, ఎక్కడ ఖాళీ ఉంది అన్నది. బొమ్మ ఉన్నచోట తన రంగు పూసేస్తుంది, ఖాళీని వదిలేస్తుంది. మీ డబ్బా నిండుగా ఉంది, దాని మీద పక్షీ నిండుగానే ఉంది. మీ కంటికి అవి రెండు రంగులు, సిస్టమ్‌కి మాత్రం ఒకటే పలక. ఇక రంగు ఎంత ముదురు చేస్తే ఏం లాభం?

డబ్బా తీసేసి పక్షిని ఒక్కదాన్నే ఉంచండి, నన్నడిగితే అదే మేలు. కాదు, డబ్బా ఉండాల్సిందే అంటే అందులో పక్షి ఆకారంలో చిల్లు పెట్టాలి (ఫిగ్మా అనే డిజైన్ టూల్లో అయితే సబ్‌ట్రాక్ట్). పక్షికి తెల్ల రంగు వేయడం వేరు, పక్షి ఉన్నచోట అసలేమీ లేకుండా చేయడం వేరు, చాలామంది తికమక పడేది ఇక్కడే. పక్షి కన్ను సంగతీ అంతే, నల్ల చుక్క పెడితే ఒంట్లో కలిసిపోయి గుడ్డి పక్షి అవుతుంది, కాబట్టి కన్నూ చిల్లే కావాలి.

జేపెగ్ ఫైల్ వాడుతుంటే ముందు అది మానేయండి, అందులో పారదర్శకత అనేదే ఉండదు. పీఎన్‌జీ అయినా నమ్మడానికి లేదు. నేనొకసారి నెట్‌లో దింపుకున్న బొమ్మ వెనక బూడిద రంగు గళ్ళు (ఎడిటర్లు ఖాళీని చూపించేది అలాంటి గళ్ళతోనే) చూసి ఖాళీయే అనుకున్నాను, తీరా ఆ గళ్ళు కూడా బొమ్మలో భాగమే, సాయంత్రమంతా కోడ్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను. బొమ్మ కింద ఒక ఎర్ర లేయర్ పెట్టి చూడండి, ఎరుపు కనిపించినచోటే నిజంగా ఖాళీ ఉన్నట్టు.

సైజు 24 డీపీ (స్క్రీన్ ఏదైనా దాదాపు ఒకే కొలతలో కనిపించేలా ఆండ్రాయిడ్ వాడే యూనిట్). పీఎన్‌జీలైతే స్క్రీన్ సాంద్రతను బట్టి 24, 36, 48, 72, 96 పిక్సెళ్ళలో ఐదు కావాలి, వెక్టర్ (పిక్సెళ్ళతో కాక గీతల లెక్కతో గీసే బొమ్మ) అయితే ఒక్కటి చాలు. అంత చిన్న చోట ఈకలు, నీడలు, సన్నగీతలు పెట్టినా మసకగా మరకలా కనిపిస్తాయి, తీసేయండి. రంగుల లోగో మీద అంత మమకారం ఉంటే దాన్ని కోడ్‌లో సెట్‌లార్జ్‌ఐకాన్ అనే ఫంక్షన్‌కి ఇవ్వండి, నోటిఫికేషన్ ప్యానెల్ కిందికి లాగినప్పుడు మెసేజ్ పక్కన రంగులతోనే కనిపిస్తుంది. మీ నీలాన్ని అలాగే సెట్‌కలర్‌ ఫంక్షన్‌కి ఇస్తే ఆ ప్యానెల్‌లో చిన్న ఐకాన్ దగ్గర అది కూడా కనిపిస్తుంది.

ప్రశ్న: యాప్ తెరిచి ఉంటే ఐకాన్ సరిగ్గానే వస్తోంది, యాప్ వెనక్కి వెళ్ళాక వచ్చే నోటిఫికేషన్‌కి మాత్రం తెల్ల డబ్బా. ఫైల్ ఒక్కటే కదా?

జవాబు: మీరు ఫైర్‌బేస్ (యాప్‌లకి నోటిఫికేషన్లు పంపే గూగుల్ సర్వీసు) నుంచి పంపుతున్నారనుకుంటాను. యాప్ తెరిచి ఉన్నప్పుడు మెసేజ్ మీ కోడ్‌కి వస్తుంది, చిన్న ఐకాన్ కోసం మీరు సెట్‌స్మాల్‌ఐకాన్‌లో పెట్టిందే వాడుతుంది. యాప్ వెనక ఉంటే మాత్రం, పంపింది నోటిఫికేషన్ రకం మెసేజ్ అయితే, మీ కోడ్ జోలికి రాకుండా ఫైర్‌బేసే దాన్ని చూపించేస్తుంది. ఏ ఐకాన్ వాడాలో దానికి ఎవరూ చెప్పలేదు కాబట్టి యాప్ లాంచర్ ఐకాన్‌ని (హోమ్ స్క్రీన్‌లో కనిపించేదాన్ని) తీసుకుంటుంది, అది నిండు రంగుల బొమ్మ కదా, మళ్ళీ డబ్బానే. మ్యానిఫెస్ట్‌లో (యాప్ వివరాలు సిస్టమ్‌కి చెప్పే ఫైల్) డిఫాల్ట్ నోటిఫికేషన్ ఐకాన్ అనే మెటాడేటా ఎంట్రీ పెట్టి మీ తెల్ల ఐకాన్ పేరు ఇవ్వండి, పక్కనే రంగుకీ ఇలాంటి ఎంట్రీయే ఉంది. ఈ మాత్రానికి సర్వర్ కోడ్ కదపక్కర్లేదు.

ఇంకోటి. కోడ్‌లో ఐకాన్‌ని దాని పేరును బట్టి వెతికి వాడుతుంటే, జనానికి ఇచ్చే రిలీజ్ బిల్డ్ చేసేటప్పుడు రిసోర్స్ ష్రింకర్ (వాడని ఫైళ్ళు తీసేసి యాప్ సైజు తగ్గించేది) దాన్ని ఎవరూ వాడటం లేదనుకుని తీసేసే ప్రమాదం ఉంది. మీరు పరీక్షించుకునే డీబగ్ బిల్డ్‌లో బాగుండి రిలీజ్‌లో పోతే ముందు అనుమానించాల్సింది దాన్నే, తీసేయకూడని ఫైళ్ళ పేర్లు చెప్పే టూల్స్ కీప్‌లో ఆ పేరు రాసిపెట్టండి.

ప్రశ్న: ఐఫోన్‌కీ ఇలాంటి తెల్ల ఐకాన్ చేయాలా?

జవాబు: అక్కర్లేదు. అక్కడ మీ యాప్ ఐకానే రంగులతో సహా వస్తుంది. ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్‌లో 14వ వెర్షన్ నుంచి 1024 పిక్సెళ్ళ బొమ్మ ఒక్కటి ఇస్తే మిగతా సైజులు అదే చేసుకుంటుంది. కాకపోతే నోటిఫికేషన్‌లో అది చాలా చిన్నగా కనిపిస్తుంది. 1024లో మురిపెంగా కనిపించే మీ పక్షిని ఒకసారి బాగా చిన్నగా కుదించి చూసుకోండి.