చీనీ రైతు మళ్ళీ యాప్ తెరవాలంటే

ప్రశ్న: మేము ముగ్గురు స్నేహితులం కలిసి చీనీ (బత్తాయి) రైతుల కోసం ఒక మొబైల్ యాప్ తయారుచేశాము. అనంతపురం మార్కెట్ యార్డులో ఆనాటి ధరలు, వ్యాపారుల వివరాలు, లారీ బాడుగ అందులో తెలుసుకోవచ్చు. రైతులు యాప్ వేసుకుంటున్నారు గానీ ఒకటి రెండుసార్లు తెరిచి వదిలేస్తున్నారు. రోజూ తెరిచినవారికి పాయింట్లు, తిప్పితే బహుమతి వచ్చే చక్రం, పూటపూటకూ నోటిఫికేషన్లు పెట్టమని కొందరు సలహా ఇస్తున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పాయింట్లూ చక్రమూ పెట్టవద్దు. రైతు మీ యాప్‌ను కాలక్షేపానికి తెరవడం లేదు. కాయ కోతకు వచ్చింది, రేపే కోయించాలా, నాలుగు రోజులు ఆగాలా అన్నది తేల్చుకోవడానికి తెరుస్తున్నాడు. అందుకు కావలసిన సంగతి అర నిమిషంలో దొరికితే మళ్ళీ వస్తాడు, దొరక్కపోతే తెలిసిన దళారికి ఫోన్ చేస్తాడు. కాబట్టి అతడు యాప్‌లో ఎంతసేపు గడిపాడన్నది లెక్క వేయకండి. వచ్చిన పని ఎంత త్వరగా ముగిసింది, తరువాతి కోతకు మళ్ళీ తెరిచాడా అన్నవి చూసుకోండి.

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి బస్తాల పక్కన కూర్చున్న ఒక పెద్దాయన ఇలాంటిదే వేరొక యాప్‌తో తంటాలు పడడం నేను దగ్గరుండి చూశాను. ధర చూపడానికి ముందే అది పేరు, ఊరు, సర్వే నంబరు అడిగింది. ఆయన కండువాతో తెర తుడుచుకుంటూ ఒక్కొక్క అక్షరమే వెతికి అన్నీ నింపి, ఓటీపీ కోసం మెసేజీల్లోకి వెళ్ళి వచ్చేసరికి రాసినదంతా చెరిగిపోయి ఖాళీ గళ్ళు మిగిలాయి. ఆయన ఏమీ అనలేదు, ఫోన్ జేబులో పెట్టుకుని పక్కవారిని ధర అడిగారు. ‘నాకు చేతకాలేదు’ అని ఆయన అనుకుని ఉంటారు, అదే నన్ను బాధించింది. వాడేవారు పదేపదే తప్పు చేస్తున్నారంటే లోపం వస్తువు రూపకల్పనలోనే ఉందని డిజైన్ నిపుణుడు డాన్ నార్మన్ 1988లోనే తన పుస్తకంలో వివరంగా రాశారు.

మీ యాప్‌లో మొదటి తెర మీదనే, ఏమీ అడగకుండా, ధర కనిపించాలి. టన్నుకు కనిష్ఠం, గరిష్ఠం, అది ఏ రోజు ఎన్ని గంటలకు నమోదైనదో పక్కనే రాయండి. నిన్నటి ధరను నేటిదనుకుని ఒక్కసారి కాయ తెచ్చిన రైతు ఇక మీ అంకెను నమ్మడు. ఇంకొక మాట, రైతుకు చేతికి వచ్చేది ప్రకటించిన ధర కాదు. తూకంలో సూటు (తరుగు పేరిట తీసేసే బరువు), ఆపైన బాడుగ, కూలీ పోగా మిగిలేదెంతో చూపగలిగితే అంతకు మించిన ఆకర్షణ ఉండదు. పేరు, ఫోన్ నంబరు వ్యాపారితో మాట్లాడే సమయానికి అడిగితే చాలు. నింపినది మాత్రం సిగ్నల్ పోయినా చెరగకూడదు.

వేగం గురించి వాడుక సౌలభ్య నిపుణుడు జాకబ్ నీల్సన్ 1993లో చెప్పిన కొలతలు ఇప్పటికీ పనికివస్తాయి: 0.1 సెకనులో స్పందిస్తే వెంటనే జరిగినట్టు ఉంటుంది, 1 సెకను వరకు ఆలోచన తెగదు, 10 సెకన్లు దాటితే ధ్యాస మళ్ళుతుంది. తోటలో నెట్‌వర్క్ సరిగా లేనప్పుడు ఖాళీ తెర చూపకుండా, చివరిగా అందిన ధరను దాని సమయంతో సహా చూపండి.

తెలుగు అక్షరాల విషయంలో చాలా యాప్‌లు అశ్రద్ధగా ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడంలో తెలుగు పెడితే పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతాయి, బటన్‌లో పెడితే వత్తు సగం తెగుతుంది. ఎడం పెంచండి, అక్షరం పెద్దది చేయండి, ఎండలో చదవగలిగేలా తెల్లటి నేల మీద నల్లటి రాత ఉంచండి. వేలితో నొక్కే చోటు 9 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బటన్ మీద ‘సమర్పించు’ అని కాక ‘ధర చూడండి’, ‘వ్యాపారికి ఫోన్ చేయండి’ అని నొక్కితే ఏం జరుగుతుందో అదే రాయండి.

నోటిఫికేషన్ రైతు కోరినదే పంపండి: ‘టన్ను ధర నేను చెప్పిన అంకె దాటితే తెలియజేయి’ అన్నది చాలు. ‘ఇప్పుడే అమ్మకపోతే నష్టం’ అని లేని తొందర పెట్టడం అన్యాయమే కాక, 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలలో నిషేధించిన 13 మోసపు పద్ధతులలో ఒకటి.

ఈ మార్పులు చేశాక యార్డుకు వెళ్ళి ఐదుగురు రైతుల చేతికి ఫోన్ ఇవ్వండి. ‘ఈ రోజు ధర చూడన్నా’ అని చెప్పి, ఆపైన నోరు మెదపకుండా పక్కన కూర్చోండి; సాయం చేయాలని చేయి ముందుకు వస్తుంది, ఆపుకోండి. అతడు ఏ తెర దగ్గర ఆగి మీ ముఖంలోకి చూస్తాడో, ముందు ఆ తెరను సరిచేయండి.