ఆపరేషన్‌కి డబ్బుంది, మరి మందులకో?

ప్రశ్న: మాది బరంపురం. మావారికి 46 ఏళ్లు, పట్టుచీరల కొట్టు ఉంది. రెండు కిడ్నీలూ పాడై ఏడాదిగా డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఇచ్ఛాపురంలో టిఫిన్ బండి నడిపే మా పెద్దాడపడుచు కిడ్నీ ఇస్తానంది. విశాఖలో ఆపరేషన్‌కి 8 లక్షలు, ఆ తర్వాత మందులకి నెలకి 15 వేలు అవుతాయన్నారు. 5 లక్షల ఆరోగ్య బీమా, 6 లక్షల ఎఫ్‌డీ, 12 తులాల బంగారం, ఊరి చివర స్థలం ఉన్నాయి. ఎఫ్‌డీ తీసేసి, చాలకపోతే బంగారం తాకట్టు పెడదామనుకుంటున్నాం. సరైనదేనా?

జవాబు: ఎఫ్‌డీ మాత్రం ముట్టుకోకండమ్మా. అది మందుల డబ్బు. కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదనుకుని తోసేయకుండా టాక్రోలిమస్ లాంటి మందులు ఆ కిడ్నీ పనిచేసినంత కాలం వాడాలి. చేతిలో డబ్బాడక నాలుగు రోజులు మానేసినా కిడ్నీకే ముప్పు. నెలకి 15 వేలంటే ఏడాదికి 1.80 లక్షలు. మీ 6 లక్షలు మూడేళ్లు దాటి వస్తాయి, ఈలోపు కొట్టు మళ్లీ గాడిన పడుతుంది.

ఇక ఆపరేషన్ ఖర్చు. ఈ ఏడాది డయాలసిస్ బిల్లులు బీమాలో ఎంత తినేశాయో ముందు చూడండి. రెన్యువల్ దగ్గర్లోనే ఉండి, ఆగినా ఫర్వాలేదని డాక్టరుగారు అంటే, ఆ తర్వాతే తేదీ పెట్టుకోండి. దాత ఆపరేషన్ ఖర్చు కూడా సాధారణంగా రోగి పాలసీలోంచే ఇస్తారు, అదీ ఆ 5 లక్షల్లోంచే. ఆవిడ ముందస్తు పరీక్షలకీ, ఇంటికొచ్చాక వాడే మందులకీ చాలా పాలసీలు పైసా ఇవ్వవు. ఏది ఇస్తారో, ఏది ఇవ్వరో కంపెనీ చేత రాయించి తీసుకోండి.

మీది ఒడిశా రేషన్ కార్డు అయితే ఆంధ్ర ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తించదు. ఒడిశా ప్రభుత్వ వైద్య పథకం గోపబంధు జన ఆరోగ్య యోజన కార్డుంటే ఆ విశాఖ ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో కనుక్కోండి. కటక్ ఎస్‌సీబీ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ కిడ్నీ మార్పిడి చేస్తారు, అక్కడా ఒకసారి అడిగి చూడండి.

తగ్గిన డబ్బుకి బంగారమే దారి. అయితే తాకట్టు వద్దు, కావలసినంత అమ్మేయండి. ఈ మాట ఇంట్లో ఎవరికీ రుచించదని తెలుసు. కానీ కొట్టు కొన్ని నెలలు సరిగా నడవదు, అప్పుడు వడ్డీ ఎక్కణ్నుంచి తెచ్చి కడతారు? స్థలం ప్రస్తుతానికి అలాగే ఉంచండి. అవసరం మీదున్నవాళ్ల స్థలానికి ధర కొనేవాడే చెబుతాడు.

మీ లెక్కలో ఆడపడుచుగారి ఖర్చు ఎక్కడా కనపడలేదు. ఆవిడ కొన్ని వారాలు బండి పెట్టలేరు. ఆ ఆదాయం, దారి ఖర్చులు మీరు ఇవ్వచ్చు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం దాన్ని అమ్మకం కింద లెక్కించదు. అంతకు మించి కిడ్నీకి వెల కడితే నేరం, పదేళ్ల దాకా జైలు పడొచ్చు. మధ్యవర్తి ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

తోబుట్టువులు చట్టప్రకారం దగ్గరి బంధువులే, కానీ కాగితాల మీద రుజువు కావాలి. సరిహద్దు ఊళ్లలో చిక్కంతా ఇక్కడే. తమ్ముడి కాగితాలు ఒడిశావి, అక్కవి ఆంధ్రవి, ఇంటిపేరు అటొకలా ఇటొకలా పడుతుంది. ఈ వారమే ఇద్దరి స్కూలు సర్టిఫికెట్లూ, ఆధార్లూ పక్కపక్కన పెట్టి, తండ్రిగారి పేరు రెండుచోట్లా అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉందో లేదో చూసుకోండి.