పాలు పలచగా ఉన్నాయని బెంగపడకు

తార్నాక, హైదరాబాద్

అమ్మా సౌమ్యా,

బాబుకు పట్టే నీ పాలు నీళ్లలా ఉన్నాయి, వాడికి రెండో నెల పడింది కదా, కాస్త బర్రె పాలు కలపమని ఇంట్లో అంటున్నారని రాశావు. వద్దు తల్లీ, కలపకు. పలచన అనేది లోపం కాదు. పట్టడం మొదలుపెట్టగానే వచ్చే పాలలో కొవ్వు తక్కువ, అందుకే తేటగా కనిపిస్తాయి. ఒక పక్క పూర్తిగా తాగాకే రెండో పక్కకు మార్చు, చివర్లో చిక్కటివి వస్తాయి. ప్రోటీన్ మాత్రం మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకటే.

ఆ ప్రోటీన్ 100 మిల్లీలీటర్లకు సుమారు 1 గ్రాము. ఆవుపాలలో 3 గ్రాములు దాటుతుంది, బర్రె పాలలో ఇంకా ఎక్కువ. దూడ రెండు నెలల్లోపే రెట్టింపు బరువవుతుంది, మన బిడ్డకు నాలుగైదు నెలలు పడుతుంది. ఎక్కువైన ప్రోటీన్ యూరియాగా మారి మూత్రంలో పోవాలి. పసికందు కిడ్నీలు దానికి నీళ్లు ఎక్కువ ఖర్చు చేస్తాయి. మన మే నెల ఎండల్లో అది ప్రమాదం.

రకం కూడా వేరు. ఆవుపాల ప్రోటీన్‌లో 80 శాతం కేసిన్ అనే రకం, అది కడుపులో గట్టిగా గడ్డకడుతుంది. నీ పాలలో ఇప్పుడు సగానికి పైగా వే ప్రోటీనే, అంటే పాలు విరిస్తే మిగిలే తేటలో ఉండేది. తేలిగ్గా అరుగుతుంది. అందులోని లాక్టోఫెరిన్ అనే ప్రోటీన్ ఇనుమును పట్టేసి క్రిములకు అందనివ్వదు. ఐజీఏ అనే రకం యాంటీబాడీలు, అంటే క్రిములను అడ్డుకునే ప్రోటీన్లు, పేగు గోడకు పూతలా అతుక్కుంటాయి. నీకు జలుబు చేస్తే ఆ వైరస్‌కు యాంటీబాడీలు పాలలోకి వస్తాయి, కాబట్టి మాస్క్ పెట్టుకుని పాలు పట్టు, మానకు.

వేడికి ఈ కాపాడే ప్రోటీన్లే ముందు చెడతాయి. అందుకే ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాక పిండిన పాలను మరిగించకు, మైక్రోవేవ్‌లో పెట్టకు. (నిలోఫర్‌లాంటి ఆస్పత్రుల తల్లిపాల బ్యాంకుల్లో 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేస్తారు. దాత పాలకు అది తప్పనిసరి, కానీ యాంటీబాడీలు కొంత పోతాయి.) 60 మిల్లీలీటర్ల చొప్పున శుభ్రమైన డబ్బాల్లో పోసి తేదీ రాయి. 25 డిగ్రీల గదిలో 4 గంటలు ఆగుతాయంటారు, హైదరాబాద్ ఎండాకాలంలో ఆ లెక్క నమ్మకు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టు. తలుపు అరలో కాదు, లోపలి వైపు: 4 రోజులు ఉంటాయి. డీప్ ఫ్రీజర్‌లో అయితే 6 నెలలు. గడ్డకట్టినవి ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దించు, కరిగాక 24 గంటల్లో వాడెయ్, మళ్లీ గడ్డకట్టించకు. గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో డబ్బా ఉంచి, పైకి తేలిన మీగడ కలిసేలా మెల్లగా తిప్పు. బిడ్డ ఎంగిలి చేసిన పాలు రెండు గంటలు దాటితే పారబొయ్యి.

ఇక నీ పథ్యం. నువ్వు తినకపోతే పాలలో ప్రోటీన్ పెద్దగా తగ్గదు, ఒళ్లు దాన్ని నీ కండలోంచి తీసుకుంటుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) లెక్కలో మామూలు 46 గ్రాముల మీద, తొలి ఆరు నెలలు రోజుకు ఇంకో 17 గ్రాములు కావాలి. ఒక గుడ్డు, ఒక గిన్నె పప్పు, ఒక గ్లాసు పాలు కలిపితే ఆ అదనం వచ్చేస్తుంది. బాలింతకు పప్పు, పెరుగు పడవని కారప్పొడి అన్నంతోనే సరిపెడితే నేను ఒప్పుకోను, మీ అత్తగారికి నా మాటగా చెప్పు.

చాలుతున్నాయో లేదో రంగు చూసి కాదు, రోజుకు ఆరు సార్లయినా మూత్రం పోస్తున్నాడా అని చూసి తెలుసుకో. వారం వారం ఒకే కాటా మీద, బట్టల్లేకుండా తూచు. 150 గ్రాములకు తక్కువ పెరిగితే డాక్టర్‌కు చూపించు. ఈ ఆదివారం తూచి నాకు రాయి.

నీ పెద్దమ్మ