పాత జిప్సీని కోసి రాక్ బగ్గీ చేసుకోవచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రాజమండ్రిలో ఒకాయన దగ్గర 2005 మోడల్ మారుతి జిప్సీ కొన్నాను. ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది, 15 ఏళ్ల గడువు కూడా దాటిపోయింది. బాడీ తీసేసి, పైపులతో కేజ్ కట్టి, పెద్ద టైర్లు వేసి, డిఫరెన్షియల్స్ (మలుపులో రెండు వైపుల చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) లాక్ చేసి, రాళ్ల మీదకి ఎక్కే బగ్గీ తయారు చేద్దామనుకుంటున్నాం. మా బావమరిదికి వెల్డింగ్ షెడ్డు ఉంది. ఎక్కువగా మా కొబ్బరితోటలోనే తిప్పుతాం, అప్పుడప్పుడు మారేడుమిల్లి వైపు వెళ్దామని. సొంత తోటలో నడిపితే ఎవరూ అడగరని అంటున్నారు. నిజమేనా? ఆర్టీఓ పర్మిషన్ తీసుకోవాలా?

జవాబు: బండిని ఇంకా కోయకపోతే మీ బావమరిదిని కొన్నాళ్లు ఆగమనండి. కోసే ముందు చేయాల్సిన పనులు ఉన్నాయండి, కోశాక అవి కావు.

ముందు పర్మిషన్ సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వెళ్లిన కేసులో ఇదే గట్టిగా చెప్పింది. మీరు చేయబోయేది రంగు మార్చడం కాదు, బాడీ మొత్తం తీసేయడం. దీనికి ఏ ఆర్టీఓ కూడా ఒప్పుకోడు, ఒప్పుకునే అధికారం ఆయనకీ లేదు. ఆర్‌సీ ఉన్న బండిని అలా మారిస్తే సెక్షన్ 182ఏ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకి అన్న మాట గుర్తుపెట్టుకోండి, మీ లిస్టులో ఎన్ని మార్పులున్నాయో మీకే తెలుసు. అన్నీ అయ్యాక కొత్త బండిగా రిజిస్టర్ చేయించుకుందామంటే, దానికి ప్రోటోటైప్‌ని పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలో పరీక్షకి పెట్టి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అది కంపెనీలు చేసే పని, ఒక్క బండి కోసం ఇంట్లో చేసుకునేవాళ్లకి అయ్యేది కాదు.

కాబట్టి ఇది రోడ్డు బండి కాదు అన్న నిర్ణయం ముందే తీసుకోవాలి. రోడ్డు మీదా కాస్త తిప్పుదాం, తోటలోనూ తిప్పుదాం అనుకున్నవాళ్లే ఇరుక్కుంటారు.

ఇక సొంత తోట మాట. చాలామంది దీన్ని ఒక కవచంలా అనుకుంటారు, నాకు బాగా భయం వేసేది ఇక్కడే. సెక్షన్ 39 చదివితే, రిజిస్ట్రేషన్ లేకుండా బహిరంగ ప్రదేశంలోనే కాదు, ‘మరే ఇతర ప్రదేశంలోనూ’ బండి నడపకూడదని ఉంటుంది. తోట నాది అన్నంత మాత్రాన ఆ సెక్షన్ పోదు. మీకున్న అసలు ఆధారం వేరే చోట ఉంది. మోటారు వాహనం అంటే ఏమిటో చెప్పే సెక్షన్ 2(28)లో, ఫ్యాక్టరీలోనో ఆవరణ కట్టిన ప్రాంగణంలోనో మాత్రమే వాడేలా తయారైన ప్రత్యేక తరహా బండిని ఆ నిర్వచనం నుంచి తప్పించారు. మీ బగ్గీ ఆ కోవలోకి వస్తుందని వాదించవచ్చు, కానీ ఆ వాదన నిలవాలంటే తోట చుట్టూ కంచె ఉండాలి, గేటు ఉండాలి, బగ్గీ గేటు దాటి ఒక్కసారి కూడా సొంత చక్రాల మీద బయటికి రాకూడదు. కాలువ గట్టు మీద పక్క తోట దాకా వెళ్లి వచ్చిన వీడియో ఒక్కటి బయటపడితే ఆ వాదన అక్కడే పోతుంది. ఉత్తరాదిలో పంపుసెట్ ఇంజిన్ బిగించి నడిపే జుగాడ్ బండ్లు కూడా మోటారు వాహనాలేనని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, ఇంట్లో చేసుకున్నది కదా అని వదిలేయరు. విశాఖ స్టీల్ ప్లాంటు లోపల తిరిగే బండ్లకి పన్ను అక్కర్లేదని 2025లో వచ్చిన తీర్పు చూపించి కొందరు ధైర్యం చెబుతారు. అది పన్నుకి సంబంధించిన తీర్పు, అక్కడ గోడలూ గేట్లూ సెక్యూరిటీ ఉన్నాయి. మీ తోటకి అలాంటివేవీ లేకపోతే ఆ తీర్పు మీకు పెద్దగా పనికిరాదు.

మన వైపు సంక్రాంతికి తోటల్లో జనం ఎలా పోగవుతారో మీకు చెప్పక్కర్లేదు. ఆ మూడు రోజులు గేటు తీసేసి, వచ్చినవాళ్లని ఎక్కించుకుని తిప్పితే అది ఇక ఆవరణ కట్టిన ప్రాంగణం అనిపించుకోదు. జనానికి ప్రవేశించే హక్కు ఉన్న చోటే బహిరంగ ప్రదేశం అని చట్టం అంటుంది, కోర్టులు దీన్ని విశాలంగానే చదివాయి. ఆ రోజు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ ఉండదు, నష్టపరిహారం మొత్తం మీ ఆస్తి మీద పడుతుంది. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల వరకు శిక్ష. రాళ్ల మీద నడిపే బండి వేగంగా పోదు కాబట్టి ప్రమాదం ఉండదనుకోకండి. నెమ్మదిగా వెళ్తూనే పక్కకి ఒరిగి బోల్తా పడుతుంది, అదే దాని అసలు ప్రమాదం. కేజ్‌కి నీళ్ల జీఐ పైపు వాడొద్దు, అతుకు లేని సీమ్‌లెస్ పైపు వాడండి, దాన్ని చాసిస్‌కి గట్టిగా కట్టండి. బకెట్ సీట్లు, హార్నెస్ బెల్టులు, హెల్మెట్లు పెట్టండి. పిల్లల్ని మాత్రం ఎక్కించకండి, దయచేసి. జాగ్రత్త తీసుకున్నారని రేపు కోర్టులో చూపించడానికి ఇవే ఆధారాలు, అంతకన్నా ముందు ఇవి మనుషుల్ని కాపాడతాయి.

మారేడుమిల్లి ఆలోచన పూర్తిగా మానుకోండి. అక్కడ వాగుల్లో రాళ్లు బాగుంటాయి, కాదనను, కానీ అదంతా చాలావరకు రిజర్వు ఫారెస్టు, ఆ పక్కనే పాపికొండల జాతీయ పార్కు. అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమే నేరం, జాతీయ పార్కులోకి వెళ్తే వన్యప్రాణి చట్టం కింద బండిని స్వాధీనం చేసుకునే అధికారం అటవీ అధికారులకి ఉంది. ఆర్‌సీ ఉన్న మామూలు జిప్సీ అయినా ఇదే మాట. అంతర్వేది ఇసుక దిబ్బలు కూడా వద్దు, తీర ప్రాంత నిబంధనలు ఉన్నాయి. మన డెల్టా నేలలో రాయి దొరకదు కాబట్టి మెట్ట క్వారీ నుంచి బండరాళ్లు తోలించుకుంటారేమో, అప్పుడు బిల్లూ రవాణా పర్మిటూ అడిగి తీసుకుని దాచుకోండి. పోటీలకి వెళ్లాలనుంటే దేశంలో మోటారు క్రీడల సంఘమైన ఎఫ్ఎంఎస్‌సీఐ అనుమతి ఉన్న ఈవెంట్లు చూసుకోండి. బగ్గీని డీసీఎంలో ఎక్కించి సరుకులా తీసుకెళ్లండి, కొన్న కాగితాలు వెంట ఉంచుకోండి. తాడు కట్టి లాక్కెళ్లొద్దు. డిఫరెన్షియల్ లాక్ చేసిన బండి తారు రోడ్డు మలుపులో సరిగ్గా తిరగదు కూడా.

ఇప్పుడు కాగితాలు. ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో బండి మీద ఫైనాన్సు, చలాన్లు ఉన్నాయేమో చూడండి. అమ్మినాయనతో ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని బండిని మీ పేరు మీదకి మార్పించుకోండి. గడువు దాటింది కాబట్టి ఫారం 25తో రెన్యువల్ అడగవచ్చు, బండిని ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి. బాడీ ఉన్నప్పుడే ఇది సాధ్యం అని ఇందాక చెప్పింది ఇందుకే. ఆర్‌సీ మీ పేరు మీదకి వచ్చాక, విప్పిన 14 రోజుల్లోగా సెక్షన్ 55 కింద బండి ఇక రోడ్డు మీద పనికిరాదని రాసిచ్చి, ఆర్‌సీ అప్పగించి, రద్దు చేసినట్టు కాగితం తీసుకోండి. చాసిస్ నంబర్ ఉన్న ముక్కని మాత్రం కోయకండి, గ్రైండర్ తగలనివ్వకండి. నంబర్ లేని ఫ్రేమ్ చూస్తే పోలీసులకి ముందు దొంగబండి అన్న అనుమానమే వస్తుంది.

ఆర్‌సీలో పేరు ఎవరిదైతే బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట అమ్మినాయనకి చెప్పండి, బదిలీకి ఆయనే తొందరపడతారు. అప్పటికీ సంతకం పెట్టనంటే మాత్రం డబ్బు వెనక్కి తీసుకుని జిప్సీ ఆయనకి ఇచ్చేయండి, కాగితాలు సరిగ్గా ఉన్న ఇంకో బండి చూసుకోండి.